గడపకు పసుపు, పటంలో ఎరుపు

మాస్టారి తరగతిలో మొదటి వారం మ్యాపు విప్పే పనే ఉండేది కాదు. ఒక్కొక్కరికి ఒక వీధి అప్పజెప్పి నడిచి రమ్మనేవారు. ఏ మేడ మీద బట్టలు ఆరుతున్నాయి, ఏ గుమ్మం ముందు ముగ్గు ఉంది, తెల్లవారి ఏ తలుపుకు పాలప్యాకెట్ల సంచి వేలాడుతోంది, రాత్రి పదింటికి ఏ కిటికీలో దీపం వెలుగుతోంది, ఇవన్నీ రాసుకొని రావాలి. రెండో వారం మాస్టర్ ప్లాన్ తెచ్చి బల్ల మీద పరిచేవారు. పిల్లలు రాసుకొచ్చినదానికీ పటంలో పూసిన రంగుకూ పొంతన కుదరని ప్రతి చోటా పెన్సిలుతో చిన్న సున్నా చుట్టించేవారు. ఆయన పేరున జరుగుతున్న ఈ సభలో ఆ సున్నాల్లో ఒకదాని గురించి మాట్లాడుకోవడమే సబబు. అది పటం ప్రకారం దుకాణమో కర్మాగారమో ఉండాల్సిన స్థలంలో ఏళ్ల తరబడి కాపురం సాగుతున్న ఇల్లు. దాన్ని తిరిగి ఇల్లుగా రాయించుకోవడం ఎలా, ఎందుకు, ఎవరి కోసం అన్నదే ఇక్కడి ప్రశ్న.

తెలుగింటి గడపకు పసుపు రాస్తారు. పట్టణ ప్రణాళికా పటాల్లో కూడా నివాసానికి పసుపు రంగే. అమెరికాలో అంతే, మన దేశంలోనూ అంతే. వ్యాపారానికి మాత్రం అమెరికా పటాల్లో ఎరుపు వేస్తారు, పరిశ్రమకు ఊదా. గడపకు పసుపు ఉండి పటంలో ఎరుపు పడిన ఇళ్లు ఆ దేశంలో దాదాపు ప్రతి పాత పట్టణంలోనూ కనిపిస్తాయి.

అలాంటి ఇల్లు ఎలా పుడుతుందో చూడాలంటే ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు పక్కన నిలబడాలి. ఇల్లు కట్టినప్పుడు అది మామూలు వీధి. కార్లు పెరిగాయి, వీధి హైవే అయింది. ఊరి పెద్దలు, ఇకమీదట ఈ రోడ్డు పొడుగునా దుకాణాలే వస్తాయని అనుకొని రెండు వైపులా ఒక ప్లాటు లోతున ఎర్ర రంగు పట్టీ గీశారు. కొన్ని చోట్ల దుకాణాలు వచ్చాయి. కొన్ని చోట్ల రాలేదు. రానిచోట ఆ కుటుంబం అలాగే ఉండిపోయింది. పిల్లలు పెరిగారు, పెరట్లో చెట్టు పెరిగింది, ఇల్లు చేతులు మారింది. పటం మాత్రం మారలేదు. అక్కడి చట్టం అలాంటి ఇంటిని వెంటనే ఖాళీ చేయించదు. ఏ నేల ఏ వాడకానికో రంగులతో విడదీసే ఈ జోనింగ్ రాకముందే అక్కడ ఉంది గనుక ఉండనిస్తుంది. దానికి ‘నాన్‌కన్‌ఫర్మింగ్ యూజ్’ అని పేరు పెట్టింది. పటానికి పొసగని వాడకం అన్నమాట. పొసగకపోయినా నేరం కాదు, కానీ ఆ హక్కుకు ఆయుష్షు తక్కువ.

ఎంత తక్కువో అగ్నిప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది. చాలా ఊళ్ల నిబంధనల్లో ఒక గీత ఉంటుంది. ఇల్లు సగానికి మించి దెబ్బతింటే మళ్లీ ఇల్లుగా కట్టుకోవడానికి వీల్లేదు. ఆ సగం అన్నది కొన్ని చోట్ల కట్టడం విలువలో సగం, కొన్ని చోట్ల కట్టడంలో సగం. ఇంకో గీత కూడా ఉంటుంది. ఇల్లు కొంతకాలం, సాధారణంగా ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు, ఖాళీగా ఉంటే ఆ పాత హక్కు పోయినట్టే. తల్లి ఆసుపత్రిలోనో వృద్ధాశ్రమంలోనో ఉండగా తాళం పడిన ఇల్లు, ఆమె కన్నుమూశాక పిల్లలు తలుపు తీసేసరికి చట్టం కంటికి ఇల్లుగా మిగలకపోవచ్చు.

ఈ గీతల మాట ఇంటివాళ్ల కంటే ముందు బ్యాంకు చదువుతుంది. అప్పు ఇచ్చేవాడికి తాకట్టు ఇల్లు కాలిపోతే తిరిగి లేస్తుందా లేదా అన్నది ముఖ్యం. అందుకే ఇంటి విలువ కట్టే అప్రైజల్ రిపోర్టులో జోనింగ్‌కు గడులు ఉంటాయి: పటానికి సరిపోయిందా, పొసగకున్నా చట్టబద్ధమా, చట్టవిరుద్ధమా. రెండో గడిలో గుర్తు పడితే చాలామంది రుణదాతలు ఊరి కార్యాలయం నుంచి ‘రీబిల్డ్ లెటర్’ తెమ్మంటారు. కాలినా కూలినా ఇదే ఇల్లు ఇలాగే కట్టుకోవచ్చని రాసిచ్చే కాగితం అది. ఊరి నిబంధనలో సగం గీత ఉంటే ఆ కాగితం రాదు, కాగితం రాకపోతే అప్పు రాదు. నగదు పెట్టి కొనేవాడే ఆ ఇంటిని కొనాలి. అంటే ధర పడిపోవాలి. డల్లాస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబాలు రిపోర్టులో పడకగదుల లెక్క, స్కూలు జిల్లా పేరు చూసుకొని ఆ గడిని దాటేస్తాయి. నిజానికి ముందు చదవవలసింది దాన్నే.

మరి ఎరుపును పసుపు చేయమని అడగవచ్చు కదా? అడగవచ్చు. దరఖాస్తు, రుసుము, సర్వే, ఇంటి ముందు నోటీసు బోర్డు, చుట్టుపక్కల యజమానులకు ఉత్తరాలు, ప్రణాళికా సిబ్బంది నివేదిక, ప్లానింగ్ కమిషన్ ముందు విచారణ, చివరికి నగర మండలి ఓటు. ఇదంతా నెలల పని. యజమాని అడుగుతున్నది ఎక్కువ కట్టుకుంటామని కాదు, తక్కువే చాలునని. అయినా అభ్యంతరాలు వస్తాయి. పక్క ప్లాటు దుకాణదారుడి భయం నిజమైనదే. పక్కన నివాస జోన్ వస్తే తన హద్దున గోడ కట్టాలి, చెట్లు నాటాలి, వెనక లారీలు ఆపే చోటు తగ్గించుకోవాలి అని చాలా ఊళ్ల నియమాలు చెబుతాయి. ‘స్పాట్ జోనింగ్’ అనే ఆక్షేపణ మరొకటి. మొత్తం ప్రణాళికను పక్కన పెట్టి ఒక్క స్థలానికి మేలు చేసే మార్పును కోర్టులు అనుమానంగా చూస్తాయి. చూడాలి కూడా. అయితే ఆ వరసలో ఏడిళ్లు ఉండి ఏడూ దశాబ్దాలుగా ఇళ్లే అయినప్పుడు తప్పు ఆ ఏడిళ్లది కాదు, పట్టీ గీసినవారిది. అప్పుడు ఒక్కొక్క ఇల్లు తన ఖర్చుతో వచ్చి వేడుకోవడం కాదు, ఊరే వచ్చి వరస మొత్తానికి రంగు మార్చాలి. మాస్టారు సున్నాలు చుట్టించింది ఆ పని కోసమే.

ఇంత ఎర్ర రంగు అసలు ఎక్కడి నుంచి వచ్చింది? న్యూయార్క్ 1916లో అమెరికాలోనే మొదటిసారి నగరం మొత్తానికీ జోనింగ్ చట్టం చేసుకుంది. కింది మన్‌హాటన్‌లో 1915లో లేచిన ఈక్విటబుల్ బిల్డింగ్ చుట్టుపక్కల వీధులకు ఎండ లేకుండా చేసిందన్న కోపం ఒక కారణం. ఫిఫ్త్ ఎవెన్యూ ఖరీదైన దుకాణాల వాళ్లకు దుస్తుల కర్మాగారాలు తమ వైపు జరుగుతున్నాయన్న బెదురు ఇంకో కారణం. ఆ పటంలో మూడే రకాలు: నివాసం, వ్యాపారం, ఏ కట్టుబాటూ లేనిది. ఆ చట్టం ఒప్పుకున్న మేరకు అంతా కట్టి ఉంటే నగరంలో ఐదున్నర కోట్ల మంది పట్టేవారని తర్వాత లెక్క తేలింది. రంగులు వేసినవారు ఉన్న ఊరిని కాక, రాబోయే ఊరిని ఊహించి వేశారు. ఆ ఊరు ఎన్నడూ రాలేదు.

పదేళ్లకు ఈ పద్ధతికి సుప్రీంకోర్టు ముద్ర పడింది. క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ అనే చిన్న ఊరు 1922లో జోనింగ్ చేసింది. యాంబ్లర్ రియల్టీ అనే సంస్థకు అక్కడ 68 ఎకరాలు ఉన్నాయి. పరిశ్రమలకు అమ్మితే ఎకరం 10,000 డాలర్లు పలికే నేల, నివాసానికి కేటాయిస్తే 2,500కు దిగిపోతుందని కోర్టుకెక్కింది. 1926లో జస్టిస్ జార్జ్ సదర్లండ్ రాసిన తీర్పు ఊరి పక్షాన వచ్చింది. అప్పటి నుంచి వాడకాలను విడదీసే పద్ధతికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఆ తీర్పులో కాపాడదలచింది ఇంటినే. దుకాణం, కర్మాగారం వచ్చి ఇంటి మీద పడకూడదు. అందుకే తొలి రోజుల జోనింగ్ మెట్ల వరసలా ఉండేది. పై మెట్టు మీద ఇల్లు, దాని కింద దుకాణం, అట్టడుగున కర్మాగారం. పై మెట్టు వాడకం కింది మెట్ల మీదికి దిగవచ్చు, కిందివి పైకి ఎక్కకూడదు. ఎర్ర జోన్‌లో ఇల్లు ఉండటం ఆనాడు తప్పు కాదు.

తర్వాతి తరం ప్రణాళికాకారులు ఆ మెట్లు తీసేశారు. ఎవరి గది వారిదే, ఇంటికి దుకాణాల చోట పని లేదు, కర్మాగారాల చోట అసలే లేదు అన్నారు. పరిశ్రమల నేలను ఇళ్లు తినేస్తాయన్న ఆలోచన దాని వెనుక ఉంది, అందులో కొంత న్యాయం ఉంది. 1961 డిసెంబరులో అమల్లోకి వచ్చిన న్యూయార్క్ కొత్త చట్టం పరిశ్రమల జోన్లలో కొత్త నివాసాన్ని నిషేధించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన్‌హాటన్‌లో హౌస్టన్ వీధికి దక్షిణాన, పరిశ్రమల జోన్ నడిబొడ్డున, వందలమంది కాపురం పెట్టి ఉన్నారు.

ఆ పేటను తర్వాత సోహో అన్నారు. పంతొమ్మిదో శతాబ్దం రెండో భాగంలో కట్టిన పోత ఇనుప ముఖాల ఐదారంతస్తుల భవనాలు, ఒక్కో అంతస్తు ‘లాఫ్ట్’ అనే ఒక్క పెద్ద హాలు. బ్రాడ్‌వే, బ్రూమ్ వీధుల మూలన ఉన్న హావ్‌వౌట్ భవనంలోనే 1857లో ఎలీషా ఓటిస్ తొలి ప్రయాణికుల లిఫ్టు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద యంత్రాలు, పెద్ద లారీలు ఈ ఇరుకు వీధుల్లోకి పట్టక పరిశ్రమ జారిపోవడం మొదలైంది. గుడ్డ పీలికలు, కాగితం, అట్టపెట్టెలు నిండిన గోదాములు తరచుగా అంటుకునేవి. అగ్నిమాపక సిబ్బంది ఆ పేటకు ‘నరకపు నూరెకరాలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. అద్దె తక్కువ, పైకప్పు ఎత్తు, కిటికీలు పెద్దవి. పెద్ద పెద్ద కాన్వాసులు గీసే చిత్రకారులకు అంతకంటే ఏం కావాలి? కాగితం మీద స్టూడియోగా అద్దెకు తీసుకొని రాత్రి అక్కడే పడుకునేవారు.

ఆ బతుకు ఎలా ఉండేదో అప్పటివాళ్లు చెప్పగా విన్నవారికి గుండె బరువెక్కుతుంది. సాయంత్రం ఐదింటికి కర్మాగారాలతోపాటు హీటింగ్ ఆగిపోయేది. శని, ఆదివారాలు అసలు ఉండేది కాదు. న్యూయార్క్ చలికాలంలో అది చిన్న మాట కాదు. ఇళ్లు లేవని లెక్క గనుక నగరపాలక సంస్థ చెత్తబండి రాదు. చెత్త సంచి పట్టుకెళ్లి వేరే వీధి డబ్బాలో వేసి రావాలి. వెలుతురు బయటికి కనబడకుండా కిటికీలకు మందపాటి తెరలు. ఇన్‌స్పెక్టర్ వస్తే మంచం, పొయ్యి మాయం కావాలి. పసిబిడ్డ ఉన్న ఇల్లయితే ఉయ్యాల కూడా.

1961లో కళాకారులు సంఘం కట్టారు. ఖాళీ చేయిస్తే తమ బొమ్మలను గ్యాలరీలకు, మ్యూజియంలకు ఇవ్వబోమని హెచ్చరించారు. మేయర్ రాబర్ట్ వాగ్నర్ కాలంలో ఒక రాజీ కుదిరింది. భవనం గుమ్మం పక్కన ‘ఎ.ఐ.ఆర్.’ అని చిన్న పలక, దాని కింద అంతస్తు సంఖ్య. ఇక్కడ కళాకారుడు నివసిస్తున్నాడు అని అర్థం. ఆ పలక పెట్టించింది గౌరవం కోసం కాదు. మంటలు లేచినప్పుడు లోపల మనుషులున్నారని అగ్నిమాపక సిబ్బందికి తెలియడం కోసం. ఆ నగరం ఈ ప్రజలను చట్టంలో రాయకముందు గోడ మీద రాసింది. పటం ఏం చెప్పినా, నిచ్చెన ఎక్కే ఫైర్‌మన్‌కు మూడో అంతస్తులో మనిషి ఉన్నట్టు తెలియాలి కదా. జోనింగ్ గురించి వచ్చిన వేల పేజీల వాదనల కన్నా ఆ చిన్న పలక ఎక్కువ నేర్పుతుంది.

1964లో రాష్ట్రం బహుళ నివాసాల చట్టంలో కళాకారుల కోసం ఒక భాగం చేర్చింది. షరతులు కఠినం కావడంతో నెరవేర్చగలిగినవారు కొద్దిమందే. 1967లో లిథువేనియా నుంచి వచ్చిన ఫ్లక్సస్ కళా ఉద్యమానికి చెందిన జార్జ్ మాచ్యూనస్ 80 వూస్టర్ వీధిలో ఒక భవనాన్ని నలుగురూ కలిసి కొనుక్కునే సహకార పద్ధతిలో కొనిపించాడు. అనుమతుల కోసం ఆగలేదు. తర్వాత అలాంటివి పదికి పైగా నిలబెట్టాడు. ఇంకో పక్క నగర నిర్మాణాధికారి రాబర్ట్ మోజెస్ తలపెట్టిన లోయర్ మన్‌హాటన్ ఎక్స్‌ప్రెస్‌వే ఆ పేటను అడ్డంగా చీల్చబోయింది. రచయిత్రి జేన్ జేకబ్స్ తదితరులు ఏళ్ల తరబడి పోరాడారు. 1968లో ఒక బహిరంగ విచారణలో ఆమెను అరెస్టు కూడా చేశారు. 1969లో ఆ ప్రతిపాదన అటకెక్కింది. రోడ్డు రాదని తేలాకే, ఉన్నవారిని ఏం చేయాలన్న ప్రశ్నకు నగరం ముఖాముఖి నిలబడింది.

1971 జనవరిలో జవాబు వచ్చింది. సోహో పరిశ్రమల జోన్‌గానే ఉంటుంది, కానీ అందులో ‘కళాకారుల నివాస-కార్యస్థలం’ ఒక పరిశ్రమ వాడకంగా చెల్లుతుంది. అక్కడ ఉండాలంటే నగర సాంస్కృతిక శాఖ నుంచి కళాకారుడిగా ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అప్పటికి అది పెద్ద విజయం. రాత్రికి రాత్రి తెరలు తీసేసిన కిటికీలెన్నో. 1973లో ఆ పేట చారిత్రక ప్రాంతంగా కూడా ప్రకటితమైంది.

అయినా ఈ సభలో ఒక మాట నొక్కి చెప్పాలి. 1971 చట్టం గుర్తించింది ఇంటిని కాదు, ఇంట్లోవాళ్ల వృత్తిని. ఆ ఒక్క ఎంపిక నుంచి యాభై ఏళ్ల చిక్కు పుట్టింది. ధ్రువపత్రం ఉన్న శిల్పి చనిపోతే, శిల్పం ఎరుగని భార్య ఆ ఇంట్లో ఎవరు? చిత్రకారుడు బొమ్మలు గీయడం మానేస్తే? కళాకారుడికే అమ్మాలంటే అంత డబ్బున్న కళాకారుడు ఎక్కడ? నగరం గట్టిగా తనిఖీ చేయలేదు. కాబట్టి కళాకారులు కాని సంపన్నులు కొనుక్కొని స్థిరపడ్డారు. ఒకప్పుడు పేద చిత్రకారులు చట్టం అంచున బతికిన చోటే డబ్బున్నవాళ్లు కూడా చట్టం అంచునే బతకసాగారు. ఉన్నవాళ్లకు అది లాయరు ఖర్చు. లేనివాళ్లకు, ముసలివాళ్లకు అది నిద్రలేమి.

ఈ మార్పు వల్ల నష్టపోయిన మరో వర్గాన్ని మరిచిపోవడం అన్యాయం. 1960ల మొదట్లో నగర ప్రణాళికా సంఘం కోసం చెస్టర్ రాప్కిన్ అనే ఆర్థికవేత్త ఆ పేటను చదివి నివేదిక ఇచ్చాడు. ఖాళీ అయిపోతోందని అందరూ అనుకున్న చోట చిన్న కర్మాగారాలు ఇంకా నడుస్తున్నాయని, వాటిలో పనిచేసేవారిలో నల్లజాతివారు, ప్యూర్టోరికో నుంచి వచ్చినవారు, ముఖ్యంగా ఆడవాళ్లు ఉన్నారని చూపించాడు. ఆ నివేదికే పేటను కూల్చివేత నుంచి కాపాడడానికి ఒక ఆసరా అయింది. కానీ పదేళ్ల తర్వాత నివాసం చట్టబద్ధం కాగానే అద్దెలు పెరిగి ఆ కర్మాగారాలే ముందు పోయాయి. సామాజిక శాస్త్రవేత్త షారన్ జూకిన్ 1982లో ‘లాఫ్ట్ లివింగ్’ అనే పుస్తకంలో ఈ కథను వివరంగా రాసింది. రంగు మార్చడం అంటే కాగితం మీద కలం కదపడం కాదు, నేల ధర కదలడం. ఎవరికి చోటిస్తున్నామో చూసిన కంటితోనే ఎవరు ఖాళీ చేయబోతున్నారో చూడాలి. అయితే ఆ లెక్క ముందు రోజున వేయాలి గాని, ఇరవై ఏళ్ల కాపురాన్ని ఇల్లు కాదనడానికి దాన్ని సాకు చేయకూడదు.

మెరుగైన దారి 1982లో దొరికింది. సోహోలోనే కాదు, బ్రూక్లిన్‌తో సహా నగరంలో ఎన్నో చోట్ల గోదాముల్లో, వర్తక భవనాల్లో అద్దెకుండేవారి కోసం న్యూయార్క్ రాష్ట్రం ‘లాఫ్ట్ చట్టం’ చేసింది. ఈసారి చట్టం వృత్తి అడగలేదు. 1980 ఏప్రిల్ 1 నుంచి 1981 డిసెంబరు 1 దాకా ఆ భవనంలో కనీసం మూడు కుటుంబాలు వేర్వేరుగా నివసించి ఉన్నాయా? ఉంటే అది ఇక నివాస భవనమే. యజమాని దాన్ని అగ్నిప్రమాద భద్రత నియమాలకు తగ్గట్టు చేయాలి. అందుకైన ఖర్చులో కొంత అద్దెలో కలుస్తుంది. అది పూర్తయ్యాక అద్దె నియంత్రణలోకి వస్తుంది. చూసుకోవడానికి లాఫ్ట్ బోర్డు. 2010లోనూ 2019లోనూ కొత్త తేదీలతో చట్టాన్ని పొడిగించారు. ఇక్కడ మాస్టారి పద్ధతి కనిపిస్తుంది. పటాన్ని కాదు, మనుషులు అక్కడ ఒక శీతాకాలం, ఒక వేసవి గడిపారా అన్నది అడిగింది చట్టం.

సోహోలో పటం మారడానికి మాత్రం 2021 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు నగర మండలి ఆ పేటను తిరిగి జోన్ చేసి మామూలు నివాసాన్ని అనుమతించింది. పాత కళాకారుల యూనిట్‌ను మామూలు ఇల్లుగా మార్చుకోవాలంటే చదరపు అడుగుకు 100 డాలర్లు కళల నిధికి కట్టాలంది. 2,000 చదరపు అడుగుల ఇంటికి అది 2,00,000 డాలర్లు. యాభై ఏళ్లుగా ఉంటున్న ఇంటిని ఇల్లు అనిపించుకోవడానికి! నివాసులు కోర్టుకు వెళ్లారు. ఆ రుసుము కళల కోసం అన్న మాట నిజమే కావచ్చు. కానీ దాన్ని కట్టవలసింది ధర పెరిగాక అమ్ముకొని లాభపడేవాడు గాని, అక్కడే ఉండిపోదలచినవాడు కాదు.

ఇదంతా ఆస్తుల గొడవ, దీనికి ఇంత ఆవేదన దేనికని అనుకునేవారుంటే వారికి ఓక్లాండ్ గుర్తు చేయాలి. కాలిఫోర్నియాలోని ఆ నగరంలో 2016 డిసెంబరు 2 రాత్రి ‘ఘోస్ట్ షిప్’ అని పిలిచే ఒక గోదాములో సంగీత కార్యక్రమం జరుగుతుండగా మంటలు లేచి 36 మంది చనిపోయారు. అది నివాసానికి అనుమతి లేని కట్టడం. అయినా లోపల చాలామంది కాపురముండేవారు. స్ప్రింక్లర్లు లేవు. ఇళ్లుగా లెక్కలో లేని చోట ఇంటికి పెట్టాల్సిన భద్రత ఎవరు పెడతారు? ఫిర్యాదు చేస్తే ఖాళీ చేయిస్తారన్న భయంతో వైరింగు చెడినా నోరు విప్పని పరిస్థితి అలాంటి చోట్లన్నిటా ఉంటుంది. దుర్ఘటన తర్వాత ఆ భయం రెట్టింపైంది. అలాంటి గోదాముల్లో ఉన్న మిగతావాళ్లకు ఖాళీ చేయమనే ఒత్తిడి మొదలైంది. 2017 జనవరిలో మేయర్ లిబ్బీ షాఫ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. ప్రాణాపాయం తక్షణం లేనిచోట నివాసులను గెంటివేయకుండా, యజమానులకు గడువిచ్చి కట్టడాన్ని సురక్షితం చేయించాలన్నది దాని సారం. న్యూయార్క్ గోడ మీది పలకకు, ఓక్లాండ్ ఉత్తర్వుకు మధ్య 55 ఏళ్లు. రెండింటిలోనూ చట్టం ముందుగా ఒప్పుకోవలసింది ఒకటే, లోపల మనుషులున్నారని.

అన్ని దేశాలూ ఈ చిక్కులో పడలేదు. జపాన్‌లో జోన్ల రకాలను దేశమంతటికీ ఒకే చట్టం నిర్ణయిస్తుంది. అవి ఇప్పుడు 13. పూర్తిగా పరిశ్రమలకే కేటాయించిన ఒక్క జోన్ తప్ప మిగతా అన్నిటా ఇల్లు కట్టుకోవచ్చు, వ్యాపార జోన్లతో సహా. అమెరికా వదిలేసిన మెట్ల వరసను వాళ్లు కాపాడుకున్నారు. టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో అయితే జోనింగే లేదు. 1948, 1962, 1993 సంవత్సరాల్లో ఓటర్లు వద్దన్నారు. అలాగని అక్కడ కట్టుబాట్లు లేవనుకోవద్దు. కాలనీల దస్తావేజుల్లో రాసుకున్న ఆంక్షలు అదే పని చేస్తాయి. ఇక ఇటీవల కాలిఫోర్నియా 2022లో, ఫ్లోరిడా 2023లో వ్యాపార జోన్లలో కొన్ని షరతులతో ఇళ్లు కట్టుకోవచ్చని రాష్ట్ర చట్టాలు చేశాయి. కొత్తగా కట్టేవారికి తలుపు తీసినప్పుడు, ఎప్పటి నుంచో లోపల ఉన్నవారిని గుమ్మంలో నిలబెట్టడం ఏం న్యాయం?

మన వైపు కథ ఎక్కువగా తిరగబడి నడుస్తుంది. ఇళ్ల జోన్‌లో దుకాణాలు వస్తాయి. 2006లో ఢిల్లీలో సుప్రీంకోర్టు ఆదేశాలతో వేల దుకాణాలకు సీళ్లు పడ్డాయి. 2007లో వచ్చిన మాస్టర్ ప్లాన్ ఎంపిక చేసిన వీధుల్లో మిశ్రమ వాడకాన్ని ఒప్పుకుంది. దిశ వేరైనా జబ్బు అదే. పటం ఒక ఊరిని చెబుతుంది, వీధి ఇంకో ఊరిని. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఊరి బయట అనుకొని పెట్టిన పారిశ్రామిక వాడలు, సనత్‌నగర్, బాలానగర్, నాచారం, ఉప్పల్, ఇప్పుడు ఇళ్ల మధ్యన ఉన్నాయి. ల్యాండ్ యూజ్ మార్పు ప్రకటన పేపరులో వచ్చినప్పుడు సర్వే నంబరు, గ్రామం, తూర్పున ఏముంది, పడమరన ఏముంది అని నాలుగు హద్దులు చెప్పి, అభ్యంతరాలు, సూచనలు తెలపమంటారు. ఆ చిన్న అక్షరాల నోటీసును మాస్టారు కత్తిరించి తరగతికి తెచ్చేవారు. నాలుగు హద్దులూ చెప్పిన ఆ ప్రకటనలో మధ్యన ఎవరుంటున్నారన్న మాట ఉండదని పిల్లల చేతనే కనిపెట్టించేవారు.

ఉంటున్నవారిని అడిగిన ఉత్తర్వు ఒకటి మన దగ్గరా ఉంది. అది జోనింగ్ కాదు, భూమి హక్కుది. రెండూ వేరని గుర్తుంచుకోవాలి. అయినా పోలిక చూడదగ్గది. తెలంగాణ ప్రభుత్వం 2014 డిసెంబరులో ఇచ్చిన జీవో 58 ప్రకారం, ఆక్షేపణ లేని ప్రభుత్వ స్థలంలో ఇల్లు వేసుకొని ఉంటున్న పేదలకు 125 చదరపు గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించాలి. అంతకు మించినవారికి జీవో 59 కింద డబ్బు కట్టించుకోవాలి. 2014 జూన్ 2 నాటికి అక్కడ ఉంటున్నట్టు రుజువు కావాలి. తర్వాత ఆ తేదీని పొడిగించారు. రుజువుగా అడిగినవి కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదు లాంటివి.

న్యూయార్క్ లాఫ్ట్ బోర్డు ముందు నిలబడిన అద్దెదారులు తెచ్చుకున్నవీ దాదాపు అవే. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, టెలిఫోను బిల్లులు, తమ పేరున ఆ చిరునామాకు వచ్చిన ఉత్తరాలు. గోదాములో స్నానపు తొట్టి ఎప్పుడు పెట్టించారో, పొయ్యికి గ్యాసు ఎప్పుడు వచ్చిందో తేదీలతో సహా చెప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడ తెలుగిళ్లలో బీరువా పైఅరలో ఒక పాలిథిన్ సంచి ఉంటుంది. పాత పన్ను రసీదులు, ఇంకు వెలిసిన మీటరు బిల్లులు, పిల్లవాడి స్కూలు అడ్మిషన్ కాగితం మీద రాసిన ఇంటి నంబరు. ఇల్లు మారినా, వాన కురిసి ఇల్లు కారినా దాన్ని మాత్రం తడవనివ్వరు. మాస్టారి చివరి రోజుల్లో చూడబోయిన విద్యార్థులకు ఆయన తన బల్ల సొరుగులోంచి తీసి చూపించింది కూడా అలాంటి సంచే. ఏ వీధిలో ఏ సున్నా ఇంకా చెరగలేదో రాసిపెట్టిన తరగతి పటాలు అందులో ఉన్నాయి, ఒక్కో సున్నా పక్కన ఇంటి నంబరుతో.